పాట తెగితే తప్పు స్పీకర్‌దేనా?

కారులో పాట మధ్యలో తెగిపోయి, కాసేపటికి దానంతటదే తిరిగి వస్తుంటే చాలామంది తేల్చేసే మాట ఒకటే: స్పీకర్ పోయింది. యాక్సెసరీస్ షాపువాళ్లూ కాదనరు. కొత్త జత అమ్ముడుపోయే మాటను ఎందుకు కాదంటారు? కానీ పాట తిరిగి రావడమే ఆ తీర్పుకు ఎదురు సాక్ష్యం. కాలిపోయిన కాయిల్ మళ్లీ అతుక్కోదు. ఆ స్పీకర్ ఇక పలకదు. కోను చిరిగితే గరగరమంటుంది తప్ప ఆగి ఆగి పాడదు. పోయి వచ్చే శబ్దానికి సాధారణంగా రెండే మూలాలు: ఎక్కడో అతుకు విడిపోయి కలుస్తూ ఉండాలి, లేదా యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగి మళ్లీ లేస్తుండాలి.

ఈ రెండింటిలో ఏదన్నది ఆగే తీరులోనే తెలుస్తుంది. డోరు వేసినప్పుడో, గతుకుల్లోనో ఒక్క స్పీకరే ఆగితే డోరు కీలు దగ్గర రబ్బరు తొడుగులోంచి వెళ్లే వైర్లను చూడాలి. వంగి వంగి లోపలి రాగి పోగులు తెగినా పైకి వైరు నిక్షేపంగా కనిపిస్తుంది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులైతే మన ఎండలకు జిగురు కారి సడలిపోతాయి. బేస్ పెంచినప్పుడే ఆగుతుంటే యాంప్ మీద భారాన్ని లెక్కచూడాలి: 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం 2 ఓమ్‌లకు పడిపోయి, లాగే కరెంటు పెరుగుతుంది. అంత కరెంటు ఇవ్వలేని యాంప్, సీటు కింద మ్యాటు కప్పుకుని ఉడికిపోయే యాంప్ లాగానే, ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది. అన్నీ ఒకేసారి ఆగితే స్టీరియో కరెంటు, ఎర్త్ వైర్లు చూడటం న్యాయం. అయితే ఇక్కడో మెలిక ఉంది. స్పీకర్ నెగటివ్ వైరును కారు బాడీకి కలిపితే సరిపోతుందన్నది పాత స్టీరియోల నాటి నమ్మకం. ఇప్పటివాటిలో చాలావరకు రెండు వైర్లలోనూ బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే 6 వోల్టుల పైచిలుకు ఉంటుంది. వాటిలో ఏది రేకుకు తగిలినా షార్టే. ఒక్క డోరులో తొక్క ఊడిన వైరు నాలుగు స్పీకర్లనూ మూగబోయేలా చేయగలదు. ఇక పెద్ద ఫ్యూజు వేయమనే సలహా వినకపోవడమే మంచిది. ఎగిరిన ఫ్యూజు తిరిగి రాదు కనుక ఈ జబ్బు దానిది కాదు, పైగా షార్టయితే వైరే కాలుతుంది.

కొత్త స్పీకర్లు వేయగానే బాగైంది కదా అని ఎవరైనా అడగవచ్చు. బిగించేటప్పుడు పాత అతుకులు విప్పి కొత్తగా కలిపారు కదా, బాగుపడింది అవే కావచ్చు. అలాగని స్పీకర్‌ను పూర్తిగా వదిలేయలేం. కోనుకు వెళ్లే సన్నని అల్లిక తీగ తెగీ తెగనట్టుంటే అదీ ఇలాగే ఆగి పాడుతుంది. కొత్తది కొనేముందు వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 4 ఓమ్‌ల స్పీకర్ 3కు పైన, 4కు లోపు చూపాలి. కోను కదులుతున్నంతసేపు అంకె ఊగడం మామూలే; వేళ్లతో మెల్లగా కదిపి, ఆపి పట్టుకున్నప్పుడు కూడా అంకె గెంతినా, మాయమైనా లోపం స్పీకర్‌దే. నిలకడగా ఉంటే ఆ కదిపే పని డోరు వైర్ల దగ్గర చేయాలి.