పాత మోటారు కారుకు కాగితమే ఆయువు
పల్లె కొట్టాల్లోని ఫియట్, హెరాల్డ్ కార్లు తూకానికి పోతున్నాయి

అమీర్‌పేట, పంజాగుట్ట పేర్లు జిల్లాల పల్లెలకు కొత్తవి కావు. పిల్లవాడిని కంప్యూటరు కోర్సులో చేర్చాలంటే అమీర్‌పేట, పెద్ద జబ్బు చేస్తే పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి. 2017లో మెట్రో వచ్చింది గనుక ఇప్పుడు నెత్తిన రైళ్లు, కింద బస్సులు, ఆటోలు, వాటి సందుల్లో జనం. ఈ రోడ్డు మీద యాభై అరవై ఏళ్ల నాటి ఫియట్టో, హెరాల్డో, మోరిసో నడపాలని ముచ్చటపడే వారికి మిగిలింది ఆదివారం తెల్లవారుజాము ఒక్కటే.

పొద్దెక్కితే ఆ బండికి గండమే. పాత కార్లలో రేడియేటరు ఫ్యాను ఇంజను వేగాన్ని బట్టి తిరుగుతుంది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను నెమ్మదిస్తుంది, ఫ్యానూ నెమ్మదిస్తుంది. వేడెక్కి పైపులోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని లాగలేదు, బండి నిలిచిపోతుంది. అప్పుడు దిగి, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగాలి. వెనకనున్న బస్సు డ్రైవరు ఆ కాసేపు ఆగుతాడా? పైగా పాత ఫియట్, అంబాసిడర్ కార్లు పూర్తిగా ఆగితే తప్ప ఫస్టు గేరు సాఫీగా పడదు. అడుగడుగునా ఆగి కదిలే ట్రాఫిక్కులో అది ఎడమ కాలికీ, ఎడమ చేతికీ పెద్ద శిక్ష.

హైదరాబాద్‌కు ఐరోపా కార్లు మొదట వచ్చింది నిజాముకు, ఆయన అమీర్లకు. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ వెళ్లే దారిలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ఆ కాలపు దర్జాకు ఇంకా సాక్ష్యం చెబుతోంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండుకు ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ వచ్చేనాటికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉండే ఆ కారు తిరిగిన దూరం బహు స్వల్పం. ఏళ్ల తరబడి కదలక పడి ఉండి, తరువాత మరమ్మతు జరిగి, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనబడుతోంది.

నవాబుల కార్లకు కాపలా ఉంది, అద్దాల గది ఉంది. డాక్టరుగారి ఫియట్టుకు, రైసుమిల్లు షావుకారు హెరాల్డుకు ఏముంది? ఇవీ పుట్టుకతో ఐరోపావే. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు రూపాంతరం. 1950ల చివరి నుంచి 2014 వరకు ఇక్కడే తయారైంది. ఫియట్ 1100 ఇటలీది, బొంబాయిలో తయారై తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. స్టాండర్డ్ హెరాల్డ్ ఇంగ్లండు ట్రయంఫ్ కారు, 1961 నుంచి మద్రాసులో తయారైంది. మడ్గార్డులతో సహా ముందు భాగమంతా ఒక్కటిగా పైకి లేచే ఆ కారును చూసినవారు మరచిపోరు.

ఇటువంటి కారును మళ్లీ రోడ్డెక్కించడం నెలల పని కాదు, కొన్నిసార్లు ఏళ్ల పని. చాలామంది ముందు రంగు వేయిస్తారు. అది తలకిందుల పని. ముందు చూడవలసింది కారు అడుగు. ఛాసిస్ తుప్పు పట్టిందా, తలుపుల కింది రేకు చిల్లులు పడిందా అన్నది తేల్చుకుని టింకరింగుకు ఇవ్వాలి. తరువాత ఇంజను దింపి, బోరు అరిగితే లేతు మీద సాపు చేయించి, ఓవర్ సైజు పిస్టన్లు వేయించాలి. 2000లో సీసం కలిపిన పెట్రోలు పోయింది గనుక వాల్వు సీట్లు గట్టి లోహంతో మార్పిస్తే మంచిది. ఈ పనులు చేతిస్పర్శతో చేసే ముసలి మిస్త్రీలు తగ్గిపోతున్నారు. కుర్ర మెకానిక్కులకు కంప్యూటరు తగిలించి చూడడం తెలుసు గాని, పాయింట్ల సందు సరిచేయడం, కార్బురేటరు చప్పుడు వినడం రాదు. అది వారి తప్పు కాదు, నేర్పేవారే లేరు.

సామాన్ల సంగతీ అంతే. అంబాసిడర్, ఫియట్ సామాన్లకు రాణిగంజ్ దుకాణాల్లో వెతుక్కోవచ్చు. హెరాల్డుకు అద్దాలు, రబ్బరు బీడింగులు దొరకడమే కష్టం. ఇంగ్లండులో ట్రయంఫ్, మోరిస్ కార్లకు కొత్త సామాన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించుకుంటే ఖర్చు మోపెడు. ఇక పెట్రోలులో 2025 నాటికి ఇథనాల్ 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న రైతుకు అది గిరాకీయే. పాత కారు రబ్బరు పైపులకు మాత్రం పడదు. పైపులు కొత్త రకానివి వేయించక తప్పదు.

చట్టం మాట. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న కార్లు, మోటారు సైకిళ్లు అర్హమైనవి. కొత్త రిజిస్ట్రేషనుకు రూ. 20 వేలు, తిరిగి చేయించడానికి రూ. 5 వేలు. గడువు పదేళ్లు. పాత నెంబరు ఉన్నవారు దానినే ఉంచుకోవచ్చు. అయితే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పరాదు, కిరాయికి అసలే కుదరదు.

పల్లెల్లో నష్టం జరుగుతున్నది ఇక్కడే. తాతగారి కారు గడ్డివాము పక్కన కోళ్లకు నెలవవుతుంది. ఇల్లు పంచుకునేనాడు ట్రంకు పెట్టెలోని ఆర్‌సీ పుస్తకం చిత్తు కాగితాలతో పోతుంది. ఆపై పాత ఇనుప సామాను వాడు వచ్చి తూకానికి ఎత్తుకుపోతాడు. కాగితం లేని కారును కొనడానికి పట్నంలో పాత కార్ల మోజున్నవారు సైతం జంకుతారు. ఎవరో ముచ్చటపడి డీజిలు ఇంజను బిగించి ఉంటే వింటేజ్ అర్హతకూ చిక్కే.

కొట్టంలో కారు ఉన్నవారు ముందు ఆర్‌సీ వెతకాలి. అందులోని ఛాసిస్, ఇంజను నెంబర్లు బండి మీది నెంబర్లతో కలుస్తున్నాయో లేదో చూడాలి. తుప్పు కప్పిన నెంబరును ఉలితో గీకకుండా కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. యజమాని చనిపోయి ఉంటే వారసులు మరణ ధ్రువపత్రంతో ఫారం 31 నింపి, రవాణా శాఖ కార్యాలయంలో పేరు మార్పించుకోవాలి. బేరం మాట ఆ తరువాతే.