సరుకుల చీటీ కూడా మందుచీటీయే

ఇంట్లో ఎవరికైనా నలతగా ఉంటే డాక్టరు రాసిచ్చిన చీటీని పదిలంగా దాచుకుంటాం. మోతాదు తప్పకుండా, వేళ మీరకుండా మందు వాడతాం. నెల మొదట్లో రాసుకునే సరుకుల చీటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ ఉండదు. నోటికి వచ్చింది రాస్తాం, కంటికి కనిపించింది కొంటాం, నెలాఖరుకు చేతులు ఖాళీ చేసుకుంటాం. అప్పుడు పొదుపు మొదలుపెడతాం. ఆ పొదుపులో ముందుగా పోయేది ఏమిటో ఎప్పుడైనా గమనించారా? పప్పు పలచబడుతుంది. గుడ్డు మానేస్తాం. ఆకుకూర రేపటికి వాయిదా పడుతుంది. టీ, పంచదార, బిస్కట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. 2022–23లో కేంద్ర ప్రభుత్వం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశపు పల్లెల్లో కుటుంబ ఖర్చులో 46 శాతం పైగా, పట్నాల్లో 39 శాతం పైగా తిండికే పోతోంది. అందులో తిండిగింజల వాటా పల్లెల్లో 5 శాతం లోపే. పానీయాలు, తయారుచేసి అమ్మే తినుబండారాల వాటా మాత్రం సుమారు 9.6 శాతం! బియ్యం, జొన్నలకు పెట్టేదానికి దాదాపు రెట్టింపు డబ్బు పొట్లాల మీద, సీసాల మీద పెడుతున్నామన్నమాట. మరోవైపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–20) తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. డబ్బు ఖర్చవుతోంది, ఒంట్లో రక్తం మాత్రం పెరగడం లేదు. లోపం సంపాదనలోనే కాదు, చీటీలో కూడా ఉంది.

కల్హేర్ వంటి ఊళ్ళో

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లోని కల్హేర్‌నే తీసుకుందాం. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. నల్లవాగు నీరు అందినచోట వరి పండుతుంది, వాన మీద ఆధారపడిన నేలల్లో కంది, పెసర, జొన్న పండుతాయి. ఇలాంటి ఊళ్ళో గృహిణికి సరుకులు దొరికే చోట్లు నాలుగు: రేషన్ దుకాణం, వీధి చివరి కిరాణా, వారపు అంగడి, బస్సెక్కి వెళ్ళే నారాయణఖేడ్. ఒక్కొక్క చోటుకూ ఒక్కొక్క ప్రయోజనం ఉంది. అన్నీ ఒకేచోట కొనేవారూ, ఏదీ ఆలోచించకుండా ఎక్కడ పడితే అక్కడ కొనేవారూ ఇద్దరూ నష్టపోతారు.

2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రంలోని స్త్రీలకు టికెట్టు లేదు. అందుకని చిన్న చిన్న వస్తువులకు కూడా పట్నం పోవడం లాభమనుకోకండి. టికెట్టు లేకపోయినా పూట పోతుంది, కూలి పోతుంది, ఎండలో బరువు మోసిన నడుము నొప్పి మిగులుతుంది. పట్నం ప్రయాణం నెలకు ఒకటి చాలు. అదీ పప్పులు, నూనె, సబ్బుల వంటి నిలవ ఉండే సరుకులకే.

ఎంత కొనాలి?

చాలామంది ఈ లెక్క వేసుకోరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాలు సుమారు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి రోజుకు ఏమేమి కావాలో చెబుతున్నాయి: తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల వంటివి 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. కాయకష్టం చేసేవారికి ఇంతకంటె ఎక్కువ కావాలి, చిన్నపిల్లలకు తక్కువ చాలు.

నలుగురున్న ఇంటికి దీన్ని నెల సరుకులుగా మార్చి చూడండి. తిండిగింజలు 30 కిలోలు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 10 కిలోలు. పల్లీలు, నువ్వులు 4 కిలోలు. నూనె మూడున్నర లీటర్లకు మించకూడదు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటరాదు గనుక నెలకు 600 గ్రాములు. అంటే కిలో ఉప్పు పొట్లం నెలన్నర దాటి రావాలి. మీ ఇంట్లో నెలకు కిలో ఉప్పు, అయిదు లీటర్ల నూనె అయిపోతున్నాయా? అయితే కిరాణా కొట్టుకే కాదు, రేపు మందుల షాపుకు కూడా మీరు డబ్బు కడుతున్నట్టే. రక్తపోటు రోగి ఇంట్లో మొదట చూడవలసింది ఉప్పు డబ్బా ఎన్నాళ్ళకు ఖాళీ అవుతోందనే. ఊరగాయలు, అప్పడాలు, చిప్స్‌లో ఉండే ఉప్పు కూడా ఈ 5 గ్రాములలోదే.

ఇప్పుడు రేషన్ లెక్క చూడండి. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్నవారికి మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. కావలసిన 30 కిలోలలో మిగిలింది 6 కిలోలే. ఆ ఆరింటినీ బియ్యంతో నింపకండి. జొన్నలు, రాగులు, సజ్జలు కొనండి. మన తాతల నాటి జొన్నరొట్టె, అంబలి తిరిగి వంటింట్లోకి వస్తాయి. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లలకు, బాలింతలకు ఇంతకంటె చవకైన బలం దొరకదు. మధుమేహం ఉన్నవారికి తెల్ల అన్నం తగ్గించడానికీ ఇదే మార్గం.

ఏది, ఎప్పుడు కొనాలి?

ప్రతి సరుకుకూ ఒక కాలం ఉంది. కొత్త కందులు సంక్రాంతి తరువాత వస్తాయి. చింతపండు, ఎండుమిర్చి వేసవి మొదట్లో వస్తాయి. పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు టీవీ, సెల్‌ఫోన్ల కంటె ముందు ఏడాదికి సరిపడా పప్పు, మిర్చి, చింతపండు కొనిపెట్టుకున్న ఇల్లు వానాకాలంలో అప్పు చేసి పప్పుకూడు తినవలసిన అవసరం రాదు. స్వంత కంది ఉన్న రైతు కుటుంబం మొత్తం అమ్మేసి, ఆరు నెలల తరువాత అదే పప్పును కిరాణాలో కొనడం కంటె నష్టబేరం లేదు. ఇంటికి కావలసినది పక్కన పెట్టి మిగిలినదే అమ్మండి.

కూరగాయలకు వారపు అంగడే మేలు. పొద్దున వెళితే ఎన్నుకోవచ్చు, సాయంత్రం వెళితే బేరమాడవచ్చు. సాయంత్రం సరుకు కొనేటట్టయితే గట్టి రకాలు కొనండి: సొరకాయ, గుమ్మడికాయ, దొండకాయ, ఉల్లిగడ్డ. ఆకుకూర ఉదయమే కొనాలి. ఆకుకూరలు, టమాటా మొదటి మూడు రోజులలో, బెండ, వంకాయ తరువాత, సొర, గుమ్మడి చివర వండుకుంటే ఏదీ పారవేయవలసిన పని ఉండదు. తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర, మునగాకు చవక కదా అని చిన్నచూపు చూడకండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. టీని గంట వెనక్కి జరపడానికి పైసా ఖర్చు లేదు.

చవక కాని చవక

చిన్న పొట్లం ధర చిన్నదిగా కనిపిస్తుంది, తూకంలో ఖరీదుగా తేలుతుంది. పావుకిలో పొట్లం ధరను నాలుగుతో హెచ్చించి కిలో ధరతో పోల్చి చూడండి. ఒకేలా కనిపించే నూనె పొట్లాలలో ఒకదానిలో లీటరు, మరొకదానిలో అంతకంటె తక్కువ ఉండవచ్చు. పరిమాణం, తయారైన తేదీ, గడువు తేదీ చదివిన తరువాతే డబ్బు ఇవ్వండి.

విడి నూనె కొనకండి. అలా అమ్మడం చట్టరీత్యా కూడా నిషిద్ధం. పొడులకంటె గింజలు, కొమ్ములు మేలు: పసుపు కొమ్ములు, ధనియాలు, మిరపకాయలు కొని పట్టించుకుంటే కల్తీ భయం తగ్గుతుంది. మిరియాలు గ్లాసు నీటిలో వేస్తే మంచివి మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి. కారం చిటికెడు నీటి మీద చల్లినప్పుడు ఎర్రని చారలు దిగితే అందులో రంగు కలిసినట్టు అనుమానించాలి. కందిపప్పులో కోసుగా, ఏటవాలు అంచులతో ఉండే కేసరి పప్పు కలిసిందేమో చూడండి. దాన్ని నెలల తరబడి ఎక్కువగా తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుంది.

బూజు పట్టిన పల్లీలు, మొక్కజొన్నలు అగ్గువకు వచ్చినా వద్దు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి వందమందికి పైగా మరణించారు. కడిగినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. అందుకే పప్పులు, పల్లీలు బాగా ఎండబెట్టి, చల్లారాక, మూత గట్టిగా పట్టే డబ్బాలలో పోయండి. పాత సరుకు మీద కొత్త సరుకు పోయకండి. పాతది అయ్యాకే కొత్త డబ్బా తెరవండి.

కోత ఎక్కడ పెట్టాలి?

ఇద్దరు పిల్లలకు రోజూ చెరొక పదిరూపాయల చిప్స్ పొట్లం అంటే నెలకు 600 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా అదే డబ్బుకు 85 గుడ్లు వస్తాయి. ఒక్కొక్క గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు. గుడ్డు తినని ఇళ్ళలో వేయించిన పల్లీలు, బెల్లం, మొలకెత్తిన పెసలు ఉన్నాయి. పిల్లవాడి చేతిలో పొట్లం ఒక్కసారిగా లాక్కోకండి. వారానికి ఒకరోజుకు పరిమితం చేసి, మిగిలిన రోజులకు పల్లీపట్టీ అలవాటు చేయండి.

కిరాణాలో ఉద్దెర తెచ్చుకునేవారికి ఒక మాట. ఆపదలో ఆదుకునే దుకాణదారు మంచివాడే కావచ్చు. అయితే ఉద్దెర తెచ్చేచోట ధర అడగలేం, పుచ్చుపప్పును తిరగ్గొట్టలేం. అతని ఖాతా పుస్తకం ఉన్నట్టే మీ ఇంట్లోనూ ఒక చిన్న పుస్తకం ఉంచండి. తెచ్చినరోజే వస్తువు, తూకం, ధర రాయండి. చదువుకునే పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. రెండు నెలలు రాస్తే డబ్బు ఎక్కడ కారిపోతోందో మీకే తెలుస్తుంది.

వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు వరస మార్చి చూడండి. మొదట పప్పు, జొన్న, పల్లీలు, గుడ్లు, పాలు, ఆకుకూరలు రాయండి. వాటికి డబ్బు పక్కన పెట్టాకే పంచదార, టీపొడి, బిస్కట్ల పేర్లు రాయండి. ఆఖరున డబ్బు చాలకపోతే కింద ఉన్నవి కొట్టివేయండి. పైన ఉన్నవాటి జోలికి పోకండి. ఆదాయం పెరగకుండానే ఇంటిల్లిపాదికీ బలమైన తిండి దొరికే మార్గం ఇదొక్కటే.