ఎండ హెచ్చిన చెట్టు హెచ్చునా?

లోకమంతయు వేడెక్కుచున్నదనియు, అందువలన ఉత్తరపు చలిదేశములలో అడవులు ఏపుగా పెరుగుచున్నవనియు పత్రికలలో చదువుచున్నాము. గట్లపై టేకు నాటిన మన రైతులకు, ఆ మేలు మన చెట్లకును కలుగునా యను సందేహము సహజము. ఇది చిన్న ప్రశ్న కాదు. టేకు చేతికి వచ్చుటకు ఇరువది ముప్పది యేండ్లు పట్టును. నేడు మనము పొరబడినచో ఆ నష్టము మన బిడ్డల కాలమున గాని బయటపడదు.

చెట్టు తన లెక్కను తన మానులోనే వ్రాసికొనును. బెరడు క్రింద నొక పలుచని పొర యేటేట క్రొత్త కలపను చేర్చుచుండును. టేకు మొద్దును అడ్డముగ కోసి చూచిన వలయములు కనబడును. మంచి యేటి వలయము వెడల్పుగను, చెడ్డ యేటిది సన్నముగను ఉండును. అమెరికాలో డగ్లస్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఈ విద్యను శాస్త్రముగ నిలిపి, 1937లో ఆరిజోనా విశ్వవిద్యాలయమున దీనికై ప్రయోగశాలను నెలకొల్పెను.

సైబీరియా, కెనడా, అలాస్కాలలో నేల చాల నెలలు గడ్డకట్టి యుండును. చెట్టు పెరుగుటకు కొలది మాసములే వ్యవధి. అచట చెట్టునకు అడ్డము చలి. ఆ చలి కొంత తగ్గినచో చాలచోట్ల పెరుగుదల హెచ్చుట నిజమే. కాని అలాస్కా మధ్యభాగమునందలి తెల్ల స్ప్రూసు చెట్ల వలయములను పరీక్షించి 2000లో ప్రకటించిన పరిశోధన వేరొక సంగతి తెలిపినది. వేడి హెచ్చిన యేండ్లలో ఆ చెట్లు నీటి కొఱతచే సన్నగిల్లినవి. చలి తొలగిన తావున కరవు వచ్చి కూర్చున్నది.

కాడికి కట్టిన యెడ్లలో ఒకటి కుంటిదైనచో, రెండవది యెంత బలిసినదైనను నాగలి సాగదు. చెట్టు సంగతియు నంతే. దేనికి కొఱత కలదో అదియే పెరుగుదలను నిర్ణయించును. పాలమూరు, నల్లగొండ సీమలలో ఎండకు ఏనాడును కొఱత లేదు. కొఱత నీటికే. ఏటికి సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన. అందును అధికభాగము నైరృతి ఋతువు నాలుగు నెలలలోనే కురియును. అమ్రాబాదు అడవులలోని టేకు, నల్లమద్ది, చిరుమాను వేసవిలో ఆకు రాల్చి నిలుచుట చావు కాదు, పొదుపు. అవి లావెక్కునది వానలలోనే. మనకన్న మిక్కిలి వాన గల కేరళలో సైతము, 523 ఏండ్ల టేకు వలయములను పరిశీలించి 2010లో ప్రకటించినవారు, ఋతువు తప్పిన యేండ్లలో వలయములు సన్నబడినట్లు కనుగొనిరి.

వేడి చేయు కీడు ఎట్టిదనగా, వడగాలిలో ఆరవేసిన పంచె గడియలో ఆరిపోవుట మనమెఱిగినదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన, సుమారు నూటికి ఏడు పాళ్లు అధికముగ ఆవిరిని ఇముడ్చుకొనగలదు. అట్టి గాలి ఆకునుండియు, నేలనుండియు నీటిని పీల్చును. చెట్టు ప్రాణరక్షణకై ఆకులోని రంధ్రములను మూసికొనును. రంధ్రములు మూసిన ఆహారము తయారు కాదు, కలప పెరుగదు. నీరు నిలుపని మన చల్క నేలలలో ఈ బాధ మఱింత త్వరగా వచ్చును.

అయినను చెట్టు ఎండిన ప్రతిసారియు ఎండపై నింద వేయరాదు. మహబూబ్‌నగర్ చెంత పిల్లలమఱ్ఱికి 2018లో చికిత్స చేయవలసి వచ్చినది చెదలు పట్టుటచేత. 2021లో తెలంగాణమున వేపకొమ్మలు మాడినది ప్రధానముగ శిలీంధ్రముచేత. కావున మొదట కారణ మరసి, పిమ్మట చికిత్స చేయవలెను.

ఎండను తగ్గించుట మన చేతిలో లేదు. పడిన వానను నిలుపుట మన చేతిలోనిదే. వేసవిలోనే గుంతలు త్రవ్వి, తొలకరి పదునులో మొక్క నాటవలెను. వాలుకు అడ్డముగ కందకములు తీసిన నీరు పరుగిడక ఇంకును. రాలిన ఆకులకు నిప్పు పెట్టక, మాను నుండి జానెడు దూరము విడిచి మొదలు చుట్టును పఱచిన తేమ నిలుచును. చెదలు చేరినదో లేదో అప్పుడప్పుడు చూచుకొనవలెను. టేకు దట్టముగ నున్నచో బక్కవానిని తీసివేయుడు. ఒక్క చెంబు నీటిని పదుగురు పంచుకొన్న ఎవరి దప్పియు తీరదు.

ఒక్క రైతు తీసిన కందకము పై చేని వరదకు తెగిపోవచ్చును. వాలు పొడవున చేలు గలవారందఱు కూడి, పైనుండి క్రిందికి వరుసగ త్రవ్వుకొన్నచో అది నిలుచును. సహకారమున కింతకన్న తగిన పని వేఱొకటి యుండబోదు. రానున్న తొలకరికి ముందే సభ్యులు ఈ విషయమును తమ గ్రామములలో ఆలోచింతురుగాక.