ఇశ్రాయేలు స్త్రీల చరిత్ర రాసిన గ్రేస్ అగ్విలార్

మన స్త్రీల కూటములలో హన్నా ప్రార్థననూ ఎస్తేరు ధైర్యమునూ గూర్చి తరచుగా వింటుంటాము. మాడుగుల వంటి ఊళ్లలో కూడా ఈ పేర్లు తెలియని క్రైస్తవ గృహము ఉండదు. అయితే ఒక యూదు స్త్రీయే కలము పట్టి, తన జాతి స్త్రీల పక్షముగా వీరి చరిత్రలు రాసిన సంగతి ఎందరికి తెలుసు?

గ్రేస్ అగ్విలార్ 1816 జూన్ 2న లండన్ చెంతనున్న హాక్నీలో జన్మించింది. ఆమె పూర్వికులు పోర్చుగల్ యూదులు. మతవిచారణ సభలకు భయపడి పైకి క్రైస్తవులుగా కనబడుతూ, తలుపులు మూసుకొని తమ పండుగలు ఆచరించి, చివరకు దేశము విడిచి వచ్చినవారు. వారిని హింసించినది క్రీస్తు పేరు పెట్టుకున్నవారే. ఇది మనము దాచవలసిన సంగతి కాదు. తండ్రి నోట విన్న ఆ పాత కథలు ఆమె మనస్సులో నిలిచిపోయాయి.

చిన్ననాటి నుండి ఆమెకు ఆరోగ్యము తక్కువ. 1835లో తట్టు సోకిన తరువాత మరి పూర్తిగా కోలుకోలేదు. తండ్రికి క్షయ. తల్లితో కలిసి బడి నడుపుతూ, దొరికిన కాస్త వేళలో రాసేది. ‘స్పిరిట్ ఆఫ్ జుడాయిజం’ రాతప్రతిని అమెరికాలోని ఫిలడెల్ఫియాకు పంపితే దారిలో పోయింది. మళ్లీ కూర్చుని మొత్తము రాసి పంపింది! 1842లో అది అచ్చయింది. ఆచారముల కంటె లేఖనములే ముఖ్యమని, తల్లులే పిల్లలకు వాటిని నేర్పాలని అందులో వాదించింది. సంపాదకుడు ఐజాక్ లీసర్‌కు ఈ మాటలు కొన్ని నచ్చలేదు. తన అభ్యంతరములను అదే పుస్తకములో చేర్చి ప్రకటించాడు.

1845లో వచ్చిన ‘విమెన్ ఆఫ్ ఇజ్రాయెల్’ ఆమె రచనలలో ముఖ్యమైనది. స్త్రీకి గౌరవమిచ్చినది క్రైస్తవ్యమేనని, యూదు మతము ఆమెను అణచివేసిందని ఆనాటి ఇంగ్లీషు రచయితలు రాస్తుండేవారు. (మన ప్రసంగాలలో నేటికీ ఈ మాట వినబడుతుంది.) దానికి ఆమె పాత నిబంధనతోనే జవాబు చెప్పింది. హవ్వ, శారా, మిర్యాము, దెబోరా, హుల్దా, ఒక్కొక్కరినీ మన ఎదుట నిలబెట్టింది.

మన భండారు అచ్చమాంబ గుర్తుకు రావడము లేదూ? 1874లో పెనుగంచిప్రోలులో పుట్టి, బడి చదువు లేకుండానే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహముతో చదువు నేర్చి, స్త్రీలు తెలివి తక్కువవారనే నిందకు చరిత్రతోనే జవాబుగా 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రకటించిన తల్లి ఆమె. అచ్చమాంబ 1905లో, ముప్పది ఏండ్లకే కన్ను మూసింది.

గ్రేస్‌కూ ఎక్కువ కాలము దొరకలేదు. ఆమె జీవించి ఉండగా అచ్చయిన నవల ‘హోమ్ ఇన్‌ఫ్లుయెన్స్’ ఒక్కటే. అదీ 1847లోనే. ఆ ఏడే చికిత్సకై జర్మనీ వెళ్లింది. బయలుదేరే ముందు లండన్ యూదు స్త్రీలు ఆమెకు కృతజ్ఞతాపత్రము సమర్పించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాట పడిపోయింది. వేళ్ల సంజ్ఞలతోనే యోబు గ్రంథము పదమూడవ అధ్యాయములోని విశ్వాస వచనమును తెలిపి, సెప్టెంబరు 16న మరణించింది. వయస్సు 31.

పెట్టెలో మిగిలిన రాతప్రతులను తల్లి శారా ఒక్కొక్కటిగా అచ్చు వేయించింది. పోర్చుగల్, స్పెయిన్ దేశముల యూదుల బాధను తలపించే ‘వేల్ ఆఫ్ సీడర్స్’ 1850లో వెలువడింది.