మా గది ఎవరికి తగినది?

మనసు బాధ వినే కౌన్సెలింగు గదిని సొంతంగా తెరచినవారికి మొదటి నెలల్లో ఒకటే దిగులు, అద్దె. మాకూ అంతే. అందుచేత తలుపు తట్టిన ప్రతివారినీ కూర్చోబెట్టాము. బోర్డు మీద 'అన్ని సమస్యలకు' అని రాయించాము కూడా!

ఒక తల్లి తన కుమారుణ్ణి తీసుకొని వచ్చింది. రాత్రులు నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నారంటాడు, అన్నంలో ఏదో కలిపారని తినడు. చదువు ఒత్తిడి అనుకొని ఆరు వారాలు మాట్లాడుతూ పోయాము. అది మా తప్పు. ఆ బిడ్డకు ముందు కావలసింది మందు రాయగల మానసిక వైద్యుడు. ఆలస్యంగానైనా పంపాము, అతడు కోలుకుంటున్నాడు. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "ఫీజు బాకీ ఏమైనా ఉన్నదా అయ్యా?" అని మాత్రం అడిగింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ఒక వ్యాసం రాశారు. వచ్చినవారికీ వినేవారికీ గురి ఒకటి కావాలి, చేయవలసిన పని మీద ఒప్పందం ఉండాలి, ఒకరిమీద ఒకరికి నమ్మకం కుదరాలి అన్నది దాని సారాంశం. మేము దానిని చాలా ఆలస్యంగా చదివాము.

ఇప్పుడు మొదటి అరగంటకు డబ్బు తీసుకోము. "రావాలన్నది మీ ఆలోచనా, ఇంటివారి ఆలోచనా?" అని అడుగుతాము. "దీనికి కాస్త బుద్ధి చెప్పండి" అని భార్యను వెంటబెట్టుకొని వచ్చే భర్తలు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు ఆమెను విడిగా కూర్చోబెట్టి ఆమెకేమి కావాలో అడుగుతాము. ఆమె వద్దంటే అంతే. చావు తలంపులున్నవారిని వాయిదా వేయము, ఇంటివారిని తోడిచ్చి వెంటనే ఆసుపత్రికి పంపుతాము. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిస్తాము. ఆ ఫోను ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మా బంధువులను, మా సంఘంవారిని తీసుకోము. ఆదివారం పక్కన కూర్చునేవారికి తమ గుట్టు విప్పడం కష్టం గదా!

బోర్డు కూడా మార్చాము. 'దంపతులకు, ఆప్తులను పోగొట్టుకున్నవారికి' అని ఉంటుంది. పాస్టరుగారికి, నర్సమ్మకు, బడి పంతులుగారికి మేము చేసేదీ చేయనిదీ విడమరచి చెప్పి వచ్చాము. వచ్చేవారు తగ్గారు, అద్దెకు ఇప్పటికీ ఇబ్బందే. అయితే వచ్చినవారు మధ్యలో మానడం లేదు.

మొన్న ఒక విధవరాలు చీటీ పట్టుకొని వచ్చింది. పంపినది ఆ తల్లే. "మా అక్క. మందు అక్కరలేదు, బావ పోయాడు, వినండి చాలు" అని రాయించింది.