ప్యాకేజీ మేనేజర్‌కు తెలియని సాఫ్ట్‌వేర్: లెక్క రాసేదెవరు?

రైల్వే కార్ఖానా పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ ఊరు ఖరగ్‌పూర్. అక్కడి ఐఐటీలో 2022 మార్చిలో ‘పరమ్ శక్తి’ సూపర్ కంప్యూటర్‌ను ప్రారంభించారు. సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 1,660 లక్షల కోట్ల లెక్కలు. ఎందరో కలిసి వాడే ఇలాంటి యంత్రాల్లో సాధారణంగా పరిశోధకులకు అడ్మిన్ హక్కులు ఉండవు. కావలసిన సాఫ్ట్‌వేర్ అందులో లేకపోతే, సోర్స్ కోడ్ తెచ్చి సొంత ఫోల్డర్‌లో తయారుచేసుకోవాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

లినక్స్‌లో ఒక ప్రోగ్రాం నడవాలంటే మరికొన్ని లైబ్రరీలు కావాలి. వాటినే డిపెండెన్సీలు అంటారు. ఏపీటీ, డీఎన్ఎఫ్ వంటి ప్యాకేజీ మేనేజర్లు ఏది దేనిపై ఆధారపడిందో జాబితా రాసుకుంటాయి. చేత్తో పెట్టిన లైబ్రరీ ఆ జాబితాకు ఎక్కదు. డిస్క్‌లో అది ఉన్నా, మేనేజర్ దృష్టిలో లేనట్టే. అందుకే అదే లైబ్రరీని మళ్లీ దించుతుంది. అప్పుడు రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉంటాయి. ప్రోగ్రాం తప్పు వెర్షన్‌ను అందుకుంటే ఆగిపోవచ్చు, లేదా చప్పుడు లేకుండా ఫలితమే మారిపోవచ్చు. పరిశోధనలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

భద్రత సంగతీ అంతే. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు, మేనేజర్ ద్వారా వచ్చిన కాపీలు మామూలు అప్‌డేట్‌తోనే బాగుపడ్డాయి. చేత్తో పెట్టిన కాపీలను మాత్రం ఎవరికి వారు వెతికి మార్చుకోవాల్సి వచ్చింది.

దీనికి దారులు ఉన్నాయి. డెబియన్‌లో ‘ఈక్వివ్స్’ అనే సాధనం ఉత్త ప్యాకేజీని తయారుచేసి, ఫలానా లైబ్రరీ ఇప్పటికే ఉందని మేనేజర్‌కు చెబుతుంది. అయితే అది మాట మాత్రమే. లైబ్రరీ నిజంగా ఉందో లేదో అది చూడదు. సూపర్ కంప్యూటర్ల కోసం అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన ‘స్పాక్’ అడ్మిన్ హక్కులు లేకుండానే పనిచేస్తుంది. ఒకే లైబ్రరీకి చెందిన అనేక వెర్షన్లను వేర్వేరు ఫోల్డర్లలో ఉంచుతుంది. ముందే ఉన్నవాటిని ‘బయటివి’గా నమోదు చేస్తే మళ్లీ కట్టదు.

ఏ దారి ఎంచుకున్నా మూడు పనులు తప్పవు. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ విడి ఫోల్డర్‌లో పెట్టాలి. వెర్షన్, కంపైలర్, వాడిన ఆప్షన్లు రాసిపెట్టుకోవాలి. ప్రోగ్రాం నిజంగా ఏ లైబ్రరీని అందుకుంటోందో ‘ఎల్‌డీడీ’ ఆదేశంతో చూసుకోవాలి. మేనేజర్ రాయని లెక్కను మనిషే రాయాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత అదే ఫలితాన్ని మళ్లీ రాబట్టడం ఆ పరిశోధకుడికే కష్టమవుతుంది.