తావీజులో లేని స్నేహం

కొద్ది నెలల క్రితం ఒక తల్లి మా మదరసాకు వచ్చారు. అల్లుడి మనసు తన కూతురి వైపు తిరగాలని ఎవరో రాసిచ్చిన తావీజు ఆమె చేతిలో ఉంది. దానికై ఆమె చెల్లించిన సొమ్ము తక్కువేమీ కాదు. విప్పి చూస్తే ఒక చీటీపై 220, మరొక చీటీపై 284 ఉన్నాయి. ‘ఇవి నిజంగా ప్రేమను పుట్టించే అంకెలేనా, మౌలానా సాబ్?’ అని అడిగారు.

ఈ రెండింటికీ సంబంధం ఉన్నమాట వాస్తవమే. 220ని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నింటినీ, 220ని మాత్రం మినహాయించి, కూడితే 284 వస్తుంది. 284తో అలాగే చేస్తే 220 వస్తుంది. అరబీ గణిత గ్రంథాలు ఇటువంటి వాటిని ‘ముతహాబ్బా’, అంటే పరస్పరం ప్రేమించుకునే సంఖ్యలు అన్నాయి. ఆ పేరును పట్టుకుని తావీజులు రాసేవారి ప్రస్తావన ఇబ్నె ఖల్దూన్ ముఖద్దిమాలోనూ ఉంది. కాని ఆ ప్రేమ సంఖ్యలది, భార్యాభర్తలది కాదు. ఇరువైపుల నుంచి ఒక్కొక్క పెద్దను కూర్చోబెట్టి మాట్లాడించమని ఆమెకు సలహా ఇచ్చి పంపాము.

తావీజు రాసినాయన బహుశా ఎరుగని జత మరొకటి ఉంది: 17,296, 18,416. రెండవదానికి కారణాంకాలు తక్కువ కనుక పాఠకులు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. 1, 2, 4, 8, 16, 1151, 2302, 4604, 9208. కూడండి, సరిగ్గా 17,296. మొదటిదానికి తనను మినహాయించి 19 కారణాంకాలు ఉన్నాయి. వాటి మొత్తం 18,416.

ఇంత పెద్ద జత ఒక్కొక్క సంఖ్యనూ వెదుకుతూ పోతే దొరికేది కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన సాబిత్ ఇబ్నె ఖుర్రా దీనికొక సూత్రాన్ని నిరూపించారు. ఆయన హర్రాన్‌కు చెందిన సాబియీ, ముస్లిం కాదు. మన ప్రసంగాలలో ఈ సంగతిని దాటవేయడం మాకు నచ్చదు. 2, 4, 8, 16 వరుసలో 16ను తీసుకుందాం. దాన్ని 3తో గుణించి 1 తీసివేస్తే 47. దాని సగమైన 8తో అలాగే చేస్తే 23. 16ను 8తో గుణిస్తే 128. దాన్ని 9తో గుణించి 1 తీసివేస్తే 1151. ఈ మూడూ ప్రధాన సంఖ్యలైతేనే సూత్రం ఫలిస్తుంది. అప్పుడు 16×23×47 ఒక మిత్రుడు, 16×1151 రెండవ మిత్రుడు.

తబ్రేజ్ పండితుడు కమాలుద్దీన్ ఫారిసీ (మరణం సుమారు 1319) ఆ సూత్రానికి కొత్త నిరూపణ ఇస్తూ ‘తజ్కిరతుల్ అహ్‌బాబ్’ అనే గ్రంథంలో ఈ జతను చూపారు. ఆయన కాలంలోనే మరాకిష్‌లో ఇబ్నుల్ బన్నా కూడా దీన్ని ఎరుగుదురు. ఫ్రాన్సులో ఫెర్మా 1636లో ఇదే జతను మళ్లీ కనుగొన్నారు. ఐరోపాలో చాలాకాలం అది ఆయన పేరుతోనే చెలామణి అయింది. అంతమాత్రాన ఆయనను దొంగ అనడం అన్యాయమే.

ఆ వారం తరగతిలో 16కు బదులు 8తో ప్రయత్నించమన్నాము. 23, 11, 287 వచ్చాయి. మూడూ ప్రధాన సంఖ్యలేనని దాదాపు అందరూ చేతులెత్తారు. వెనుక వరుసలోని ఒక అబ్బాయి మాత్రం 287ను 7తో భాగించి చూశాడు. 41 వచ్చింది.